నిమ్మతొక్క, మిరియాల పొడి: వారానికే వాసన పోతోంది, చేదు మిగులుతోంది

కొత్తరోలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నిమ్మతొక్క, మిరియాలు, ఉప్పు కలిపి పైన చల్లుకునే పొడిని ఇంట్లోనే తయారు చేసుకోవాలని గడచిన రెండు నెలల్లో మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ ఒకేలా చెడింది కాబట్టి, లోపం నా పద్ధతిలోనే ఉందని అర్థమైంది. నేను చేసిన క్రమాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎక్కడ తప్పుతున్నానో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఎనిమిది నిమ్మకాయల రసం పిండుకున్నాక మిగిలిన చెక్కలను చిన్న ముక్కలుగా కోసి, పళ్లెంలో పరచి, మూడు రోజులు మంచి ఎండలో పెట్టాను. ముక్కలు గట్టిపడి గోధుమరంగుకు తిరిగాక వాటికి రెండు చెంచాల మిరియాలు, రెండు చెంచాల ఉప్పు చేర్చి, మెత్తని పొడి అయ్యేదాకా మిక్సీని ఆపకుండా తిప్పాను. మూత తీయగానే గదంతా నిమ్మవాసన గుప్పుమనడంతో ఈసారి కుదిరిందనే అనుకున్నాను. అయితే చిటికెడు నాలుక మీద వేసుకుంటే మొదట ఉప్పు, వెంటనే మిరియాల ఘాటు, ఆ తర్వాత ఎంతసేపటికీ వదలని చేదు తెలిశాయి. పులుపు జాడ మాత్రం లేదు. వారం తిరిగేసరికి ఉన్న వాసనా పోయింది, సీసా అడుగున పొడి గడ్డకట్టింది.

చేదు ఎక్కడి నుంచి వస్తోంది? నిమ్మకాయ నుంచే చేసిన పొడికి పులుపు ఎందుకు లేదు? వాసన కనీసం ఒక నెల నిలవాలంటే ఏం చేయాలి? కొలతలు కూడా చెంచాల్లో కాకుండా బరువుల్లో చెప్పగలిగితే మేలు, ఎందుకంటే నా దగ్గర చిన్న తూకం యంత్రం ఉంది.

ఎండుతొక్క:

కొత్తరోలు గారికి నమస్కారం. ఏదీ వదిలిపెట్టకుండా రాశారు కాబట్టి జవాబు చెప్పడం సులువైంది. మూత తీయగానే గది నిండిన ఆ వాసన సీసాలో ఉండవలసిన వాసన. అది గదిలోకి వచ్చిందంటే పొడిలోంచి పోయిందనే అర్థం. మిక్సీ సంగతి మరొకరు చెబుతారని వదిలేసి, నేను తొక్క గురించే రాస్తాను.

మనం తొక్క అని ఒకే మాటతో పిలిచేదానిలో రెండు భాగాలున్నాయి. పైన రంగుతో, పలుచగా, చిన్న చిన్న గుంటలతో ఉండేది ఒకటి. దాని కింద తెల్లగా, దూదిలా ఉండేది రెండోది. సువాసన నూనె అంతా పైపొరలోని తిత్తుల్లోనే ఉంటుంది. నమ్మకం కుదరాలంటే తాజా పైపొరను చిన్న ముక్కగా తీసి, రంగు ఉన్న వైపు బయటికి ఉండేలా గాజుగ్లాసు ముందు వేళ్లతో మడిచి నొక్కండి. సన్నని తుంపర గ్లాసు మీద పడి జిడ్డుచుక్కలుగా మెరవడం కంటికి కనిపిస్తుంది. తెల్లభాగాన్ని ఎంత నొక్కినా ఆ చుక్క రాదు, పైగా చేదంతా అక్కడే ఉంటుంది. రసం పిండిన చెక్కల బరువులో ఎక్కువ పాలు ఈ తెల్లభాగం, లోపలి తొనల పొరలు, అక్కడక్కడ అంటుకున్న గింజలే. అంటే మీరు ఎండబెట్టిన సరుకులో అధికభాగం చేదు పదార్థమే అయింది.

పిండడం వల్ల మరొక నష్టం కూడా ఉంది. నిమ్మజాతి పండ్లలో చేదుకు కారణమైన పదార్థాల్లో లిమోనిన్ ఒకటి. నలగని కాయలో అది చేదులేని మరో రూపంలో ఉంటుంది. కణాలు చిట్లి పులుపు తగిలాక మెల్లమెల్లగా చేదు రూపానికి మారుతుంది. పిండిన చెక్కలు రసంతో తడిసి, మూడు రోజులు వెచ్చగా పడి ఉండడం ఆ మార్పుకు సరిగ్గా అనుకూలించే పరిస్థితి. కాబట్టి పొడికోసం తొక్క తీయడం మొదటి పని కావాలి, రసం పిండడం రెండో పని కావాలి. ఈ ఒక్క మార్పుతోనే మీ పొడి సగం బాగుపడుతుందని నా అనుభవం.

కాయల మీద మెరుపుకోసం మైనం పూత ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లలో బ్రష్‌తో రుద్ది, పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. తొక్క తీసే పీలర్‌ను బరువు పెట్టకుండా నడిపితే పైపొర నాడాలా వస్తుంది. వెనక్కి తిప్పి చూడండి: తెల్లదనం కింద తిత్తుల గుంటలు కనిపిస్తుంటే సరిపోయింది, సున్నం పూసినట్టు ముద్దగా తెల్లగా ఉంటే దాన్ని పలక మీద పరచి చాకును అడ్డంగా పెట్టి గీకేయండి. పలుచని తొక్క ఉన్న చిన్న నిమ్మకాయలకు పీలర్ కన్నా సన్నరంధ్రాల తురుమిక మంచిది, ఒకే చోట రెండోసారి రుద్దకూడదు. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. నిమ్మతొక్క నూనె, రసం చేతికి అంటుకుని ఉండగా ఎండలోకి వెళితే కొందరికి చర్మం కాలినట్టు ఎర్రబడి బొబ్బలు లేస్తాయి, ఆ మచ్చలు వారాల తరబడి పోవు. పచ్చనిమ్మతో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పని అవగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం మరచిపోకండి.

ఇక ఎండబెట్టడం. నిమ్మనూనెలో అధికభాగం లిమొనీన్ అనే పదార్థం (పైన చెప్పిన చేదు లిమోనిన్ కాదు, ఇది వేరు). ఆ నూనెకు అసలైన నిమ్మ గుణాన్ని ఇచ్చేది మాత్రం అంతకన్నా చాలా తక్కువగా ఉండే సిట్రాల్. లిమొనీన్ మరిగే ఉష్ణోగ్రత 176 డిగ్రీలు కదా, ఎండకు ఏం పోతుందిలే అనుకోవడం సహజమే గాని, అది నీటి ఆవిరితో కలిసి అంతకన్నా చాలా తక్కువ వేడికే బయటికి నడుస్తుంది. నీటి ఆవిరిని పంపి సువాసన నూనెలు తీసే పద్ధతికి ఆధారం ఇదే. మిగిలిన కొద్దిపాటి నూనె కూడా వెలుతురుకు, గాలికి మారిపోయి టర్పెంటైన్‌ను గుర్తుచేసే వాసనకు తిరుగుతుంది. అందువల్ల ఎండ వద్దు. నాడాలను ఒకదాని మీద ఒకటి పడకుండా జల్లెడలాంటి దానిమీద పరచి, గాలి ఆడే నీడలో రెండు మూడు రోజులు ఉంచండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో నీడ సరిపోదు, బూజు పడుతుంది. అప్పుడు డీహైడ్రేటర్‌లో (వెచ్చని గాలితో ఎండబెట్టే యంత్రం) 45 నుంచి 50 డిగ్రీల మధ్య పెట్టడం ఉత్తమం. ఓవెన్ తప్ప మరొకటి లేకపోతే, అన్నిటికన్నా తక్కువ వేడి మీద, తలుపు కొద్దిగా తెరిచి, పక్కనే ఉండి చూసుకోవాలి. గంటలు లెక్కపెట్టడం కన్నా నాడాను విరిచి చూడడం నమ్మదగిన పరీక్ష: వంగితే తేమ ఉన్నట్టు, టక్కున విరిగితే ఎండినట్టు. రంగు గోధుమకు తిరిగితే హద్దు దాటినట్టే.

పులుపు గురించి మీరు అడిగినదానికి జవాబు చిన్నది. పులుపు రసంలో ఉంది, పైతొక్కలో లేదు. కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1784లో సిట్రిక్ ఆమ్లాన్ని మొదటిసారి స్ఫటికాలుగా వేరుచేసింది నిమ్మరసం నుంచే. ఇలాంటి పొడుల్లో మనకు తెలిసే పులుపు సాధారణంగా ఆ ఆమ్లాన్ని విడిగా కలపడం వల్ల వచ్చినదే. మనం నిమ్మ ఉప్పు అని పిలిచే తెల్లని పలుకులు అవే.

సన్నజల్లెడ:

ఎండుతొక్క గారు తొక్క సంగతి క్షుణ్ణంగా చెప్పారు, నేను మిరియాల దగ్గర మొదలుపెడతాను. మిరియాల్లో నాలుకకు తెలిసే ఘాటు పైపరిన్ అనే పదార్థానిది, అది ఆవిరై పోదు. ముక్కుకు తెలిసే పరిమళం మాత్రం తేలిగ్గా ఎగిరిపోయే నూనెలది. వాటిలో నిమ్మతొక్కలో ఉన్న లిమొనీన్ కూడా ఒకటి కావడం వల్లనే ఈ రెండూ అంత చక్కగా కలుస్తాయని నేను అనుకుంటాను. పాతబడిన మిరియాల పొడి నాలుకను మండిస్తుందే గాని ముక్కుకు ఏమీ చెప్పదు. మీ పొడిలో వారం తర్వాత మిగిలింది సరిగ్గా అదే. కాబట్టి మిరియాలను గింజలుగానే కొని, పొడి కలిపే రోజునే దంచుకోవాలి. కొందరు మూకుడులో వేయించి దంచుతారు; చాలా వంటలకు అది బాగుంటుంది గాని, నిమ్మవాసన ప్రధానంగా ఉండవలసిన ఈ పొడికి వేయించని మిరియాల పరిమళమే తగినదని నా అభిప్రాయం.

మిక్సీని ఆపకుండా తిప్పడం మీరు చేసిన పెద్ద పొరపాటు. బ్లేడు రాపిడికి జాడీ చేతికి తెలిసేంత వేడెక్కుతుంది, ఆ వేడిలో తిత్తులు పగిలిన నూనె ఆవిరైపోతుంది. ఎండిన తొక్కను, మిరియాలను మూత బిగించిన డబ్బాలో అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, రెండు మూడు సెకన్లు తిప్పి ఆపుతూ, మధ్యలో జాడీని తాకి చూస్తూ చేయండి. తిప్పడం అయ్యాక వెంటనే మూత తీయకుండా పది నిమిషాలు కదలకుండా ఉంచితే, పైకి లేచిన సన్నని ధూళి కిందికి దిగుతుంది. రోలు ఉంటే మిరియాలను అందులో కచ్చాపచ్చాగా దంచడం ఇంకా మంచిది. ఉప్పును మాత్రం మిక్సీలో అసలు వేయకండి.

ఉప్పును ఎందుకు వేయవద్దంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొలతలు సరిగ్గా ఉన్నా పొడి చెడడానికి కారణం చాలాసార్లు ఇదే. పలుకుల పరిమాణాలు వేరువేరుగా ఉన్న పొడిని కదిలించినప్పుడల్లా సన్నవి పెద్దవాటి సందుల్లోంచి కిందికి జారిపోతాయి. ఉప్పు పిండిలా నలిగి, తొక్క బరకగా ఉంటే, పది రోజులు వాడేసరికి పైన తొక్క, అడుగున ఉప్పు మిగులుతాయి. మొదటి వారం చప్పగా, చివరి వారం ఉప్పుకషాయంలా ఉందని చాలామంది అనేది ఇందువల్లే. మీ సీసాలో పైనుంచి ఒక చిటికెడు, అడుగు నుంచి ఒక చిటికెడు తీసి తెల్లకాగితం మీద పక్కపక్కనే పోసి చూడండి, తేడా కంటికే కనిపిస్తుంది. మీరు వాడే ఉప్పు పలుకు ఎంత ఉందో చూసి, తొక్కను, మిరియాలను ఇంచుమించు ఆ పరిమాణానికే దంచి, ఒకే జల్లెడలోంచి జారనిచ్చి, చివరగా ఉప్పుతో చేత్తో కలపాలి.

గడ్డకట్టడానికి మొదటి కారణం సరిగా ఎండని తొక్క. రెండోది గాలిలోని తేమ. శుద్ధమైన ఉప్పు ఒక్కటే ఉంటే గాలిలో తేమ దాదాపు 75 శాతానికి చేరేదాకా నీరు కారదు, కానీ నిమ్మ ఉప్పు దానికి తోడైతే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. రెండూ విడివిడిగా పొడిగా ఉండే గాలిలోనే, కలిసి ఉన్నప్పుడు చెమ్మగిల్లుతాయి. అందుకని పులుపు కలిపిన పొడిని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ఉడుకుతున్న గిన్నె మీద సీసాను నేరుగా వంచి చల్లే అలవాటు ఉంటే మానుకోండి. పైకి వచ్చే ఆవిరి రంధ్రాల్లోంచి లోపలికి పోయి, మీరు మూడు రోజులు తీసివేసిన తేమను మూడు క్షణాల్లో తిరిగి చేరుస్తుంది. ముందు అరచేతిలోకో చిన్న గిన్నెలోకో తీసుకుని చల్లండి.

బరువుల్లో నేను పాటించే కొలత ఇది: ఎండిన పైతొక్క 10 గ్రాములు, మిరియాలు 15 గ్రాములు, ఉప్పు 15 గ్రాములు, నిమ్మ ఉప్పు గ్రామున్నర. ఎండుతొక్క 10 గ్రాములు రావాలంటే పచ్చితొక్క 40 నుంచి 50 గ్రాముల దాకా కావాలి, ఎందుకంటే అందులో బరువులో ఎక్కువ భాగం నీరే. ఉప్పు అక్కరలేని వారు దాన్ని పూర్తిగా మానేసినా ఈ పొడి రుచి తగ్గదు, పులుపే ఉప్పు లోటును కొంత పూడుస్తుంది. వెల్లుల్లి పొడి వంటివి మొదటిసారే కలపకుండా, ముందు ఈ నాలుగింటి రుచి తెలుసుకున్నాక ఆలోచించడం మంచిది.

ఉప్పురవ్వ:

పై ఇద్దరూ చెప్పిన దానిలో చాలా భాగంతో ఏకీభవిస్తూనే, ఒక్క చోట నా పద్ధతి వేరని చెప్పాలనుకుంటున్నాను. తొక్కను విడిగా ఎండబెట్టి తర్వాత ఉప్పు కలపడం కన్నా, పచ్చి తురుమును ఉప్పుతో కలిపి వేళ్లతో నలిపి, ఆ రెండింటినీ కలిపే ఆరబెట్టడం నాకు ఇష్టం. నలుపుతున్నప్పుడు ఉప్పు పలుకుల అంచులు తిత్తులను చీలుస్తాయి, నూనె ఉప్పు అంతటికీ పట్టుకుంటుంది. రెండు నిమిషాలకు తెల్లని ఉప్పు లేత పసుపు రంగుకు తిరిగి, తడి ఇసుకలా ముద్దకడుతుంది. దాన్ని పళ్లెంలో పలుచగా పరచి, రెండు మూడు గంటలకొకసారి వేళ్లతో విడదీస్తూ నీడలో ఆరబెడితే, మర్నాటికి గలగలలాడుతుంది. తొక్కను మిక్సీలో వేయవలసిన అవసరమే ఉండదు. ప్రతి పలుకుకూ నిమ్మవాసన అంటి ఉండడం వల్ల, పైన తొక్క, అడుగున ఉప్పు అన్న బాధ కూడా చాలావరకు తగ్గుతుంది.

నిమ్మ ఉప్పు బదులు నిమ్మరసాన్నే ఉప్పులో పోసి ఎండబెట్టవచ్చా అని ఎవరైనా అడగవచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను, నేను రెండుసార్లు చేసి మానేశాను. రసంలో ఆమ్లం ఐదారు శాతమే ఉంటుంది. సన్నజల్లెడ గారు చెప్పిన గ్రామున్నర పులుపు కోసం దాదాపు 25 నుంచి 30 మిల్లీలీటర్ల రసం పోయాలి, మిగిలిన నీరంతా ఆవిరి చేయాలి. రసంలోని చక్కెరలు కూడా మిగిలిపోవడం వల్ల ఉప్పు పూర్తిగా పొడిబారదు, వేలికి జిగటగా తగులుతూనే ఉంటుంది. నిమ్మ ఉప్పు అంటే రసాయనమని భయపడేవారు ఉన్నారు. నేడు దాన్ని ఎక్కువగా చక్కెరను ఒక రకం బూజుతో పులియబెట్టి తయారుచేస్తారు. రసంలోని ఆమ్లమూ అదీ ఒకటే పదార్థం.

సన్నజల్లెడ:

ఉప్పురవ్వ గారి పద్ధతి నేనూ చేశాను, మొదటి రోజున దాని వాసనకు సాటి లేదన్నది నిజమే. అయితే నూనె తిత్తిలోంచి బయటికి వచ్చి పలుకుల మీద పలుచగా పరచుకోవడం వల్ల, దానికి గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నా సీసాలో మూడో వారానికి వాసన మందగించి, కొంచెం కనరు తగిలింది. కొత్తరోలు గారు నెలపాటు నిలవాలని అడిగారు కాబట్టి, నాడాలను విరవకుండా ఎండబెట్టి, నిండుగా నింపిన చిన్న గాజుసీసాలో చీకటిలో దాచి, పది రోజులకు సరిపడినంతే దంచుకోవడం వారికి సరిపోతుందని నా మాట.

ఉప్పురవ్వ:

ఆ మాట ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో సీసా రెండు వారాలకు మించి ఉండదు కాబట్టి మూడో వారం సంగతి నేను గమనించలేదు. త్వరగా అయిపోయే చిన్న మోతాదుకు నా పద్ధతి, నిల్వకు మీ పద్ధతి అనుకుంటే ఇద్దరి మాటా నిలుస్తుంది.

కొత్తరోలు:

అందరికీ ఎంతో కృతజ్ఞుడిని. చెప్పినవన్నీ చేసి చూశాకనే తిరిగి రాద్దామని ఆగాను, ఇప్పటికి ఐదు వారాలు గడిచాయి. పసుపుపచ్చగా పండిన పన్నెండు పెద్ద నిమ్మపండ్ల పైతొక్కను పీలర్‌తో తీస్తే 62 గ్రాములు తూగింది, నీడలో మూడు రోజులు ఆరాక 14 గ్రాములు మిగిలింది. వెనుక తెల్లదనం గీకడానికే ఎక్కువ సమయం పట్టింది గాని, ఆ శ్రమకు తగిన ఫలితం నాలుక మీద మొదటి చిటికెడుకే తెలిసింది: చేదు పూర్తిగా పోలేదు, నిమ్మతొక్కకు ఉండవలసినంత మాత్రమే ఉంది, అది కూడా వెంటనే తేలిపోయింది. పులుపు చివర్లో కాకుండా మొదటే తగలడం వల్ల మిరియాల ఘాటు కూడా వేరుగా, శుభ్రంగా తెలుస్తోంది.

నాడాల్లో సగాన్ని దాచి, మిగతా సగాన్ని మొదటి రోజునే దంచి కలిపి, విడిగా మరొక చిన్న సీసాలో ఉప్పురవ్వ గారి పద్ధతిలో కూడా చేసి, మూడింటి మీదా తేదీలు రాసిపెట్టాను. మొదటి వారంలో కళ్లు మూసుకుని వాసన చూస్తే నలిపిన ఉప్పుదే పైచేయి. నాలుగో వారంలో దాని వాసన తగ్గి ఉప్పే ముందుకొచ్చింది, మొదటి రోజు దంచిన పొడి మధ్యస్థంగా ఉంది, దాచిన నాడాలను అప్పటికప్పుడు దంచితే మాత్రం మొదటి రోజులాగే ఉంది. అందుకే ఇకపై నాడాలుగానే దాచుకుంటాను.

ఒక్క సందేహం మిగిలింది. పచ్చగా ఉన్న చిన్న నిమ్మకాయల తురుముతో కూడా ఒకసారి చేశాను. ఎండాక ఆకుపచ్చగానే ఉన్నది, పొడి కలిపి వారం గడిచేసరికి మట్టిరంగుకు దగ్గరైన ఒక మసక పచ్చగా మారింది. వాసనలో తేడా తెలియలేదు. ఇది చెడిపోయినట్టా?

ఎండుతొక్క:

చెడిపోలేదు. ఆకుపచ్చ రంగు పత్రహరితానిది. దానికి పులుపు తగిలితే అందులోని మెగ్నీషియం తొలగిపోయి రంగు మసకబారుతుంది. కాయగూరలను పులుపులో ఉడికించినప్పుడు రంగు మారడానికీ కారణం ఇదే. మీ పొడిలో నిమ్మ ఉప్పు, కొద్దిపాటి చెమ్మ కలిసి ఆ పనిచేశాయి. రంగు నిలవాలంటే పచ్చతురుము పొడిని, మిరియాలను, ఉప్పును ఒక సీసాలో ఉంచుకుని, నిమ్మ ఉప్పును విడిగా చిన్న సీసాలో పెట్టుకుని చల్లేటప్పుడు కలుపుకోండి. ముక్కిన వాసన వచ్చినా, నూగులాంటి తెల్లని పోగులు కనిపించినా మాత్రం అది తేమ వల్ల పట్టిన బూజు, దాన్ని ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయకుండా పారవేయాలి. దాచిన నాడాలను ఫ్రీజర్‌లో పెట్టి ఉంటే, బయటికి తీసిన వెంటనే మూత తెరవకండి. సీసా గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చల్లని నాడాల మీద గాలిలోని నీరు చుక్కలుగా పట్టి, మళ్లీ మెత్తబడతాయి.